ఐదు టన్నుల బంగారం: మన జ్ఞాపకమూ, కాగితమూ

హైదరాబాదు చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి పేరు ఎత్తితే మన ఇళ్ళల్లో ముందుగా వచ్చే మాట బంగారం. దేశం మీదికి యుద్ధం వచ్చిపడ్డప్పుడు ప్రధానమంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు హైదరాబాదు వచ్చి సాయం అడిగారనీ, నిజాం గారు మారుమాట లేకుండా ఐదు వేల కిలోల, అంటే ఐదు టన్నుల బంగారం పెట్టెల కెత్తించి జాతీయ రక్షణ నిధికి దానం చేశారనీ మన బుజుర్గులు చెప్పగా విన్నాం, మన పిల్లలకు చెప్పాం. పెట్టెలు బయలుదేరేటప్పుడు ఆయన, "నేను ఇచ్చింది బంగారం, పెట్టెలు కాదు, ఖాళీ పెట్టెలు మళ్ళీ నాకు పంపించండి" అన్నారట. ఈ మాట దగ్గర వినేవాళ్ళందరూ నవ్వుతారు. చెప్పేవాళ్ళు ఒక్క క్షణం ఆగి మరీ చెబుతారు.

ఈ కథ ఒక్కో ఇంట్లో ఒక్కో రకంగా ఉంటుంది. కొందరి లెక్కలో అది 1962 చైనా యుద్ధం, కొందరి లెక్కలో 1965 పాకిస్తాన్ యుద్ధం. చైనా యుద్ధం నాటికి ప్రధాని నెహ్రూ గారు కదా అని ఎవరైనా అడ్డం వస్తే, "ఏదో ఒక యుద్ధంలే" అని కథ ముందుకు సాగిపోతుంది. యుద్ధం మారుతుంది, ఊరు మారుతుంది, బండి మారుతుంది. మారనిది ఆ ఐదు టన్నులు, ఆ పెట్టెలు.

చరిత్ర అన్నాక కాగితం చూడాలి గదా. ఈ సంచిక కోసం ఈ సంగతి రాయాలనుకున్నప్పుడు మేము చేసిన పని అదే. ఇందులో కొన్ని మాటలు మన పెద్దలలో కొందరికి చేదుగా ఉండవచ్చు. చివరిదాకా చదవమని మనవి.

కాగితం చెప్పేది ఇదీ. 1965 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో యుద్ధం జరిగింది. సెప్టెంబరు 23న కాల్పులు ఆగాయి. ఖజానాలో విదేశీ మారకం లేదు. జనం దగ్గర మాత్రం బంగారం ఉంది. 1963 జనవరిలోనే బంగారం అదుపు నిబంధనలు వచ్చి, కొత్త నగలు పద్నాలుగు క్యారెట్లకు మించి చేయరాదని కంసాలుల కొలుముల మీద నీళ్ళు పోసిన కాలం అది. అటువంటి రోజుల్లో, 1965 అక్టోబరులో, కేంద్ర ప్రభుత్వం జాతీయ రక్షణ బంగారు బాండ్లు అని ఒక పథకం పెట్టింది. బంగారం తెచ్చి ప్రభుత్వానికి ఇస్తే బాండు రాసిస్తారు. ఏటేటా వడ్డీ ఇస్తారు. పదిహేనేళ్ళు గడిచాక, 1980లో, బంగారాన్ని బంగారంగానే తిరిగి ఇస్తారు. నిజాం గారు ఈ బాండ్లలో పెట్టినది 4 లక్షల 25 వేల గ్రాములు, అంటే 425 కిలోలు. 1965 డిసెంబరులో శాస్త్రి గారు హైదరాబాదు వచ్చినప్పుడు బహిరంగ సభలో ఈ సంగతి చెప్పి నిజాం గారిని అభినందించారు. ఆ బంగారంలో పాతకాలపు మొహర్లు ఉన్నాయనీ, వాటిని కరిగించకుండా విదేశాలకు పంపితే ఎక్కువ ధర వస్తుందనీ కూడా అన్నారు. ఆనాటి పత్రికలో అచ్చయిన వార్త ఇది.

తర్వాత 2018లో సమాచార హక్కు చట్టం కింద ఒక ఇంగ్లీషు దినపత్రిక వాళ్ళు జాతీయ రక్షణ నిధిని అడిగారు. నిజాం గారి దగ్గరనుంచి ఐదు వేల కిలోల బంగారం దానంగా అందినట్టు మీ దగ్గర ఏమైనా ఉందా అని. ఆ నిధి ప్రధానమంత్రి కార్యాలయం కింద ఉంటుంది. అటువంటి దానం గురించి తమ వద్ద సమాచారం లేదని జవాబు వచ్చింది.

ఇక్కడ రెండు వేర్వేరు పెట్టెలు కలిసిపోయాయి. జాతీయ రక్షణ నిధి 1962లో ఏర్పడింది. దానికి ఇచ్చింది దానం, మళ్ళీ రాదు. బంగారు బాండ్లు 1965 నాటివి. అందులో పెట్టింది అప్పు, గడువు తీరాక వస్తుంది. మన కథలో యుద్ధం మారిపోవడానికి కారణం ఇదే అయి ఉండాలి. నిధి పేరు ఒక యుద్ధం నుంచి, బంగారం ఇంకో యుద్ధం నుంచి వచ్చి చేరాయి. ఇప్పుడు వార్తల్లో నిజాం గారి బంగారానికి ఆరున్నర శాతం వడ్డీ అని కూడా వస్తూ ఉంటుంది. 1961 ఆదాయపు పన్ను చట్టం తిప్పి చూస్తే అందులో మూడు రకాల బంగారు బాండ్ల పేర్లు కనిపిస్తాయి: ఆరున్నర శాతం బాండ్లు 1977, ఏడు శాతం బాండ్లు 1980, జాతీయ రక్షణ బంగారు బాండ్లు 1980. ఆరున్నర శాతం అన్న పేరు మొదటి రకానిది, 1965లో వచ్చినవాటిది కాదు. కథను సరిదిద్దబోయిన వాళ్ళ దగ్గర కూడా ఇలా ఇంకో చిన్న ముడి పడింది.

మరి 425 కిలోలు ఐదు వేల కిలోలు ఎట్లా అయ్యాయి? దీనికి రుజువు ఎవరూ చూపలేరు. కాని మేము ఒక లెక్క వేసి చూశాం. మెట్రిక్ తూనికలు వచ్చి అప్పటికి ఎన్నో ఏళ్ళు కాలేదు. గ్రాములు ప్రభుత్వ కాగితాల్లో ఉన్నాయి గాని, బంగారం విషయంలో మన ఆడవాళ్ళ నోట, మార్వాడీల దుకాణాల్లో నడిచిన మాట తులమే. నాలుగు లక్షల ఇరవై ఐదు వేలు అన్న అంకె చెవిన పడింది, గ్రాములు అన్న మాట జారిపోయి తులాలు అన్న మాట దాని స్థానంలో కూచుంది అనుకుందాం. పాత తులం 11.664 గ్రాములు. గుణించి చూడండి: 4,957 కిలోలు వస్తుంది. ఐదు టన్నులకు నలభై మూడు కిలోలు తక్కువ! ఇది ఊహ మాత్రమే సుమా. కాని ఎవరో పనిగట్టుకుని అబద్ధం అల్లారని అనుకోవడం కంటే, చెవికీ నోటికీ మధ్య తూనికరాయి మారిందని అనుకోవడమే మాకు సబబుగా తోచింది.

పెట్టెల మాటకు వద్దాం. అది ఎందుకంత గట్టిగా అతుక్కుపోయింది? నిజాం గారు ప్రపంచంలోకెల్లా ధనవంతుడని 1937లో అమెరికా పత్రిక టైమ్ ముఖచిత్రం వేసింది. అదే మనిషి పాత షేర్వానీ, మాసిన టోపీతో తిరిగేవాడనీ, పైసా పైసా లెక్క చూసేవాడనీ పిసినారితనం గురించి వెయ్యి కథలు. ఇటు ఐదు టన్నుల దాతృత్వం, అటు పైసా లెక్క. ఈ రెండూ ఒక మనిషిలో ఎట్లా ఇముడుతాయని వినేవాడికి లోపల ఒక అనుమానం ఉంటుంది. ఖాళీ పెట్టెలు తిరిగి అడగడంతో ఆ అనుమానం తీరిపోతుంది. "అవును, ఆయనే! ఆయన తప్ప ఇంకెవరు అంటారు ఆ మాట" అనిపిస్తుంది. నవ్వు వచ్చిన చోట సాక్ష్యం ఎవరడుగుతారు?

ఇది మన ఒక్కరికే వచ్చిన తెగులు కాదు. యూరప్‌లో చదువుకున్నవాళ్ళు, వారం వారం పత్రికలు చదివేవాళ్ళు, టీవీ చూసేవాళ్ళు కూడా ఇట్లాగే కలిసికట్టుగా జరగనిదాన్ని జ్ఞాపకం పెట్టుకున్నారు. 1992 అక్టోబరు 4న హాలెండు దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరం శివార్లలో ఒక సరుకుల విమానం పదకొండు అంతస్తుల ఇళ్ళ మీద కూలింది. విమానం ఇంటికి కొట్టుకునే క్షణాన్ని ఎవరూ కెమెరాలో పట్టలేదు. అటువంటి ఫిలిమే లేదు. పది నెలల తర్వాత ముగ్గురు పండితులు 193 మందిని, "విమానం ఇంటిని ఢీకొన్న దృశ్యం మీరు టీవీలో చూశారా?" అని అడిగితే, 107 మంది చూశామన్నారు. అంటే సగానికి పైగా. ఇంకోసారి న్యాయశాస్త్రం చదివే విద్యార్థులను అడిగితే చూశామన్నవాళ్ళు మరీ ఎక్కువయ్యారు. రేపు కోర్టుల్లో సాక్షులను ప్రశ్నించబోయేవాళ్ళు వీళ్ళు.

ఇటలీలో బొలోన్యా రైల్వే స్టేషనులో 1980 ఆగస్టు 2న బాంబు పేలి 85 మంది చనిపోయారు. గోడ గడియారం 10 గంటల 25 నిమిషాల దగ్గర ఆగింది. దాన్ని కొద్దిరోజుల్లోనే బాగుచేశారు. 1996 దాకా అది మామూలుగా తిరిగింది. ఆ తర్వాతే, చనిపోయినవారి గుర్తుగా, ముల్లులను మళ్ళీ 10.25 దగ్గర నిలిపేశారు. కాని కొన్నేళ్ళకు ఆ స్టేషనుకు వచ్చిపోయే 173 మందిని అడిగి చూస్తే, నూటికి 92 మంది గడియారం బాంబు పేలిన నాటినుంచీ ఆగే ఉందన్నారు. పదహారేళ్ళు తమ కళ్ళ ముందు తిరిగిన గడియారం! దాన్ని చూసి రైలెక్కినవాళ్ళే వీళ్ళు.

కనుక "మా తాతగారు కళ్ళారా చూశారు" అనే మాట దగ్గర మనం కొంచెం నెమ్మదించాలి. తాతగారు అబద్ధమాడారని కాదు. మన మామూలు భావన ఏమిటంటే, జ్ఞాపకం అంటే ఇనప్పెట్టెలో దాచిన దస్తావేజు అని. తీసి చూస్తే పెట్టినట్టే ఉంటుందని. కాని అది ప్రతిసారీ కొత్తగా వండే కూరలాంటిది. దినుసులు కొన్ని పాతవి, కొన్ని పక్కింటి నుంచి తెచ్చినవి. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్ అనే పండితురాలు 1974లో విద్యార్థులకు కార్లు గుద్దుకునే ఫిలిం చూపించింది. కొందరిని "కార్లు తగిలినప్పుడు ఎంత వేగంతో పోతున్నాయి" అని అడిగింది, కొందరిని "నుజ్జునుజ్జుగా గుద్దుకున్నప్పుడు" అని అడిగింది. వారం తర్వాత, పగిలిన అద్దం ముక్కలు చూశారా అని అడిగితే, మొదటి గుంపులో యాభై మందిలో ఏడుగురు చూశామన్నారు, రెండో గుంపులో పదహారుగురు. ఫిలింలో అద్దం ముక్కలు లేనే లేవు. ప్రశ్నలో ఒక్క మాట మారినందుకే ఇంత. ఇక యాభై ఏళ్ళపాటు ప్రతి పండక్కీ, ప్రతి దావతులోనూ చెప్పుకున్న కథ సంగతి చెప్పేదేముంది? విన్నది చూసినట్టు కావడానికి అంత కాలం అక్కర్లేదు.

పొరపాటు ఎట్లా జరుగుతుందో ఇట్లా తెలుస్తుంది. కాని అందరూ కలిసి అదే పొరపాటు ఎందుకు చేస్తారు, వేరే పొరపాటు ఎందుకు చేయరు? దీనికి ఇటలీలోనే టెర్నీ అనే ఉక్కు ఫ్యాక్టరీ ఊరి కథ మాకు అన్నిటికంటే పనికొచ్చింది. 1949 మార్చి 17న అక్కడి కార్మికులు, తమ దేశం అమెరికా సైనిక కూటమిలో చేరడాన్ని నిరసిస్తూ పని ఆపి బయటికి వచ్చారు. పోలీసులతో ఘర్షణలో లుయిజీ ట్రాస్తుల్లి అనే ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రవాడు చనిపోయాడు. పాతికేళ్ళు దాటాక అలెస్సాండ్రో పోర్తెల్లి అనే చరిత్రకారుడు ఆ ఊరి ముసలివాళ్ళను అడిగితే, చాలామంది ఆ చావు 1953లో జరిగిందన్నారు. 1953లో ఆ ఫ్యాక్టరీ రెండు వేలమంది కార్మికులను ఇంటికి పంపింది. ఊరంతా వీధుల్లోకి వచ్చి పోలీసులతో రోజుల తరబడి పోరాడింది. పోర్తెల్లి చెప్పిన కారణం ఆలోచింపదగ్గది. 1949లో తమవాడు చచ్చిపోతే ఊరు ఏమీ చేయలేకపోయింది. ఆ అవమానం వాళ్ళ గుండెల్లో మిగిలిపోయింది. అందుకని జ్ఞాపకం ఆ చావును తీసుకెళ్ళి, ఊరు ఎదురు తిరిగిన సంవత్సరంలో పెట్టింది. తేదీ తప్పు. కాని ఆ తప్పు వెనకనున్న బాధ నిజం.

మన ఐదు టన్నుల వెనక ఏ బాధ ఉంది? చెప్పడానికి మొహమాటపడనక్కర్లేదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం యూనియన్‌లో కలిసిపోయిన తర్వాత, సంస్థానంలోని సామాన్య ముస్లిం కుటుంబం మీద ఒక ప్రశ్న వచ్చి వాలింది: నువ్వు ఎవరివైపు? రజాకార్లతో ఏ సంబంధమూ లేని గుమాస్తా, దర్జీ, టాంగా తోలుకునేవాడు కూడా ఈ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. 1965లో యుద్ధం పాకిస్తాన్‌తో వచ్చేసరికి ఆ ప్రశ్న మళ్ళీ లేచింది. ఆఫీసులో తోటి ఉద్యోగి పైకి అనకపోయినా చూపులో ఉండేది. అటువంటప్పుడు ఒకప్పటి మన పాదుషా తన బంగారాన్ని ఈ దేశం చేతుల్లో పెట్టాడన్న వార్త ఎంత ఊరటగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ ఊరటకు బాండు, వడ్డీ, గడువు అన్న మాటలు అడ్డం. అప్పు అంటే ప్రశ్నకు సగం జవాబే వచ్చినట్టు. దానం అంటే పూర్తి జవాబు. నాలుగు వందల కిలోలు కొలవదగ్గ అంకె, ఐదు టన్నులు కొలతకు అందని అంకె. ప్రశ్న ఎంత బరువుగా ఉందో జవాబు అంత బరువు పెరిగింది.

అసలు 425 కిలోలు తక్కువా? ఇప్పటి పది గ్రాముల తులం లెక్కన 42,500 తులాలు. అప్పటికి నిజాం గారి వయసు 79 సంవత్సరాలు. బాండు గడువు పదిహేనేళ్ళు. అది తీరేదాకా తాను ఉంటానని ఆయన అనుకొని ఉండరు. 1967 ఫిబ్రవరి 24న కన్నుమూశారు కూడా. ఆ బంగారం మీద నమ్మకంతో ప్రభుత్వానికి అప్పిచ్చిన మనిషి, ఆ ప్రభుత్వం 1980లో ఉంటుందని, మాట నిలబెట్టుకుంటుందని నమ్మినట్టే గదా. మా మటుకు మాకు ఇది దానం కంటే చిన్న విషయంగా కనిపించలేదు.

నోటిమాటను ఎంతవరకు నమ్మాలి అనే ఆలోచన మనకు పడమటి పండితులు వచ్చి నేర్పవలసింది కాదు. హదీసుల సేకరణ చరిత్ర కొంచెం తెలిసినవారికి ఇస్నాద్ అంటే ఏమిటో తెలుసు. ఫలానావారు ఫలానావారి నుంచి విన్నారు, వారు ఫలానావారి నుంచి విన్నారు అనే గొలుసు. గొలుసు లేని మాట ఎంత అందంగా ఉన్నా ముహద్దిసులు పక్కన పెట్టేవారు. అస్మావుర్రిజాల్ అని ఒక శాస్త్రమే పుట్టింది, చెప్పినవాళ్ళ జీవితాలు, వారి జ్ఞాపకశక్తి, ఎవరు ఎవరిని కలిసే వీలుందో తేల్చడానికి. అందులో మాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది ఏమిటంటే, మంచివాడా కాదా అన్నది ఒక ప్రశ్న, జ్ఞాపకం గట్టిదా కాదా అన్నది వేరే ప్రశ్న. ఈజిప్టు ఖాజీ ఇబ్న్ లహీఆ పెద్ద పండితుడు. క్రీస్తుశకం 790లో చనిపోయారు. తన రాతప్రతులు కాలిపోయాక జ్ఞాపకం మీద ఆధారపడి చెప్పిన వాటిలో తడబాట్లు వచ్చాయని రిజాల్ గ్రంథాలు రాసిపెట్టాయి. అందుకని ఆయన దగ్గర ఎవరు ముందు విన్నారు, ఎవరు తర్వాత విన్నారు అని వేరుచేసి చూశారు. ఆయన్ని ఎవరూ అవమానించలేదు. వయసు మీదపడి జ్ఞాపకం కలగాపులగమైన రావీలను పిలవడానికి వేరే పేరే ఉంది. పన్నెండు వందల ఏళ్ళ కిందట ఇంత జాగ్రత్త పడ్డ సంప్రదాయం మనది. మరి ఇవ్వాళ ఫోనులో వచ్చిన మెసేజీకి గొలుసు ఏది అని అడిగేవాళ్ళు ఎంతమంది? "ఫార్వర్డు వచ్చింది" అన్నది ఇస్నాద్ కాదు.

ఇక్కడ ఒకాయన లేచి, "ఏం పోయింది సాబ్, మంచి కథే గదా, ఎవరికి నష్టం" అంటారు. నష్టం ఉంది. అది చెప్పడానికే ఇంత రాశాం.

1948 సెప్టెంబరు 13న మొదలై ఐదు రోజుల్లో ముగిసిన పోలీసు చర్య తర్వాత, సంస్థానంలోని కొన్ని జిల్లాల్లో ఏం జరిగిందో మన ఇళ్ళల్లో గుసగుసగా చెప్పుకునేవారు. ముఖ్యంగా ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు వైపు నుంచి ఉన్న ఊరు వదిలి వచ్చిన కుటుంబాలు. వివరంగా చెప్పేవారు కారు. "బడా ఖరాబ్ దిన్ థా" అని ఊరుకునేవారు. దీనికి కాగితం లేదు కనుక ఇది కట్టుకథ అని చాలాకాలం చాలామంది అన్నారు. కాగితం ఉంది. నెహ్రూ గారే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ గార్లను పంపించారు. వాళ్ళు 1948 నవంబరు చివరి నుంచి డిసెంబరు 21 దాకా ఊళ్ళు తిరిగారు. పోలీసు చర్య జరిగిన రోజుల్లోనూ, ఆ తర్వాతా కలిపి చనిపోయినవారి సంఖ్య 27 వేలకు, 40 వేలకు మధ్య ఉంటుందని అంచనా రాశారు. అంతకుముందు రజాకార్లు చేసిన దుర్మార్గాలనూ రాశారు. ప్రాణాలకు తెగించి ముస్లిం ఇరుగుపొరుగును కాపాడిన హిందువుల సంగతీ రాశారు. ఆ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రకటించలేదు. 2013లో ఎ.జి. నూరానీ గారి పుస్తకంలో అచ్చయి అందరికీ అందింది.

చూడండి ఈ విచిత్రం. బంగారం విషయంలో కాగితం సరైంది, జ్ఞాపకం తప్పింది. 1948 విషయంలో కాగితం బీరువాలో ఉండిపోయింది, అరవై ఏళ్ళు ఆ సంగతిని మోసింది ముసలివాళ్ళ జ్ఞాపకమే. అంకెల్లో జ్ఞాపకం అక్కడా తప్పింది, రెండు లక్షలు అనీ ఇంకా ఎక్కువ అనీ చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాని జరిగిందా లేదా అన్న దాంట్లో తప్పలేదు. ఇప్పుడు ఒక కుర్రవాడు కాలేజీలో ఐదు టన్నుల సంగతి గొప్పగా చెప్పాడనుకుందాం. అవతలివాడు ఫోను తీసి 2018 నాటి జవాబు చూపిస్తాడు. కుర్రవాడి నోరు పడిపోతుంది. మరునాడు అదే కుర్రవాడు తన నానీమా గుల్బర్గా నుంచి ఎందుకు వచ్చిందో చెబితే, "నిన్న బంగారం అన్నావు, ఇవ్వాళ ఇదా" అంటారు. తప్పుడు సాక్ష్యం ఒకటి దొరికితే అదే సాక్షి చెప్పిన నిజం కూడా కొట్టుకుపోతుందని కోర్టు గుమ్మం తొక్కినవాళ్ళకు తెలుసు. నానీమా మాటకు ఉన్న బరువును ఐదు టన్నుల కోసం అమ్ముకోవడం మాకు నచ్చలేదు.

పైగా నిజాం గారి గురించి చెప్పుకోవడానికి కాగితం ఉన్న సంగతులు కరువా? 1908 మూసీ వరద ఊరిని ముంచిన తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. 1918లో ఉర్దూ మాధ్యమంగా మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. అంతగా ఎవరూ చెప్పుకోనిది మరొకటి. పూనాలో భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ మహాభారతపు పరిశోధిత ప్రతిని తయారుచేస్తున్నప్పుడు నిజాం గారు డబ్బు సాయం చేశారు. ఆ సంస్థ ఆవరణలో అతిథి గృహం ఆయన పేరు మీదనే ఉంది. పండితులు మహాభారతం పాఠాలు సరిచూసుకోవడానికి వచ్చి బస చేసే ఇల్లు. దీనికి పెట్టెల కథ లేదు, నవ్వు రాదు. కనుక ఎవరూ ఫార్వర్డు చేయరు!

1965 నాటికి పదేళ్ళ వయసున్నవారు ఇప్పుడు డెబ్బై దాటారు. మన సొసైటీ కుటుంబాల్లోనే అటువంటివారు ఎందరో ఉన్నారు. వారిని బంగారం గురించి అడగవద్దు, ఆ జవాబు మనకు ముందే తెలుసు. ఆ సెప్టెంబరులో రాత్రిళ్ళు దీపాలు ఆర్పేవారా, కిటికీలకు నల్ల కాగితం ఎవరు అంటించారు, రేడియో ఎవరింట్లో ఉండేది, ఆ వారం బళ్ళో పక్కనున్న పిల్లలు మామూలుగా మాట్లాడారా, ఇంట్లో ఏదైనా నగ ఎవరికైనా ఇచ్చారా అని అడగండి. చెబుతున్నప్పుడు మధ్యలో ఆపి, "ఇది మీరు చూశారా దాదా, ఎవరైనా చెప్పారా?" అని అడగండి. రెండు జవాబులనూ వేర్వేరుగా రాసుకోండి. కింద తేదీ, అడిగినవారి పేరు వేయండి. నగ ఇచ్చిన ఇళ్ళల్లో రసీదు కాగితం ఇంకా ట్రంకుపెట్టె అడుగున ఉండవచ్చు.